ముందు నువ్వు కట్టుకో

దగ్గరకు రా తల్లీ, ఆ ఫోను పక్కన పెట్టి నా మోకాలికి ఆనుకొని కూర్చో. మన వీధి జైనబీ ఒమన్‌లో పనిచేసినప్పటి సంగతి చెబుతాను, విను.

రుస్తాఖ్‌లో, ఖర్జూరపు తోట పక్కనున్న ఇంట్లో వంటకు కుదిరింది జైనబీ. ఆ ఇంటి పెద్దావిడ పేరు మౌజా. అక్కడ పనివాళ్లు యజమానురాలిని మామా అని పిలుస్తారులే.

చేరిన కొత్తల్లోనే జైనబీకి ఒకటే తలనొప్పి. శుక్రవారం సెలవు పూట క్లినిక్‌కు వెళ్లింది.

"బీపీ ఎక్కువుంది. ఇది నీకు కొత్త మాత్ర. ఒంటికి అలవాటయ్యేదాకా రోజూ బీపీ చూసుకో. కూర్చున్నచోటి నుంచి దిగ్గున లేవొద్దు," అన్నాడు డాక్టరు.

పక్కింట్లో పనిచేసే హసీనా ఈ సంగతి వింటూనే గొంతు తగ్గించింది.

"ఎవురికీ చెప్పొద్దు జైనబక్కా. జబ్బు మనిషని తెలిస్తే టికెట్ చేతిలో పెట్టి పంపించేస్తారు."

ఇంటి దగ్గర పిల్లల చదువులన్నీ జైనబీ జీతం మీదే. మాత్రల అట్టను బియ్యం డబ్బాలో దాచింది. బీపీ చూసుకునే ఊసే ఎత్తలేదు.

కొన్నాళ్లకు మౌజా బీపీ మిషను తెప్పించింది.

"నాకు బీపీ వచ్చింది జైనబ్. కొత్త మాత్ర ఇచ్చారు. రోజూ చూసుకోవాలట."

"చూసుకో మామా."

"భయం. చేతిని పట్టి పిండుతుందట. ముందు నువ్వు కట్టుకో."

తన బీపీ బయటపడుతుందేమోనని జైనబీ వెనకాడింది. కాదంటే అనుమానం వస్తుంది. చెయ్యి చాపింది.

"కాళ్లు నేలకు ఆనించు. మాట్లాడకు," అంటూ మౌజా పెదవుల మీద వేలుంచింది.

పట్టీ బిగిసి వదిలింది. వచ్చిన అంకెలను మౌజా ఫోనుతో ఫొటో తీసింది.

"దేనికి మామా?"

"మిషను నిజం చెబుతోందో లేదో రయాను అడుగుతా."

రయా ఆమె కూతురు, మస్కట్‌లో నర్సు.

తరువాత మౌజా తానూ కట్టుకుంది. తన అంకెల వైపు మాత్రం చూడనేలేదు.

అప్పటినుంచి రోజూ అదే వరస. కాఫీ కూడా ఆ తరువాతే. అయిపోగానే మౌజా చెయ్యి చాపేది.

"పట్టుకో జైనబ్, నాకు కళ్లు తిరుగుతాయి. మెల్లగా, మెల్లగా."

కూరల్లో ఉప్పు తగ్గించమంది. ఆ చప్పిడి కూర తానే మొహం ముడుచుకొని తినేది.

"మా మామా పసిబిడ్డ మాదిరి చేస్తాది," అని జైనబీ నవ్వేది.

"భయం ఆమెకు, పిండించుకునేది నువ్వా," అని హసీనా ఎగతాళి చేసేది.

ఒకరోజు లేవబోతే జైనబీకే కళ్లు బైర్లు కమ్మాయి. పడిపోకుండా మౌజా చేతిని గట్టిగా పట్టుకుంది.

ఆ సాయంత్రమే మౌజా, "నా అంకె బాగా దిగింది, క్లినిక్‌కు తోడు రా," అంది.

తీరా వెళ్లాక, "ఎటూ వచ్చావు కదా, ముందు నువ్వు చూపించుకో," అని జైనబీని లోపలికి తోసి తాను బయటే కూర్చుంది. డాక్టరు మాత్ర మోతాదు తగ్గించాడు. తరువాత కళ్లు తిరగలేదు.

మామాకు తెలియకుండా పని చక్కబడిందని జైనబీ లోపల్లోపల మురిసిపోయింది.

చలి మొదలయ్యాక ఒక తెల్లవారుజామున మౌజా ఇక నిద్ర లేవలేదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా వెళ్లాక జైనబీ మిషను తెచ్చి రయా ముందు పెట్టింది.

"ఇది మామాదమ్మా. మాత్రలు యాడ పెట్టిందో, ఎంత వెతికినా దొరకలా."

"ఏ మాత్రలు?"

"బీపీవి."

రయా ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"అమ్మకు బీపీ లేదు జైనబ్. బియ్యం డబ్బాలో నీ మాత్రలు చూసింది. 'అడిగితే, పంపించేస్తామని భయపడి జైనబ్ మింగడం మానేస్తుంది. నువ్వు మిషను కొని పంపు, మిగతాది నేను చూసుకుంటా,' అంది."

మిషనును తీసి జైనబీ ఒళ్లో పెట్టింది.

"రేపటి నుంచి ఫొటో నువ్వే పంపు."

జైనబీ లేవబోతూ అలవాటుగా పక్కకు చెయ్యి చాపింది. ఇన్నాళ్లూ మామాను తానే లేపుతున్నాననుకుంది.

గుర్తుంచుకో తల్లీ. రేపు నువ్వు ఎవరికైనా ఈ కథ చెప్పేటప్పుడు ఏది మరిచినా ఫరవాలేదు, ఆమె పేరు మాత్రం మరవకు. మౌజా.