ఇనుము తాకని గోడ

ఆ ఆదివారం ప్రేమ్‌సాగర్ క్వారీలోకి దిగేసరికి తన గోడను ఎవరో గీకుతున్నారు.

ఏభై దాటిన స్త్రీ. చేతిలో చెక్క తెడ్డు.



తాండూరు కళాశాలలో భూగర్భశాస్త్రం చెప్పే ప్రేమ్‌సాగర్‌కు ఆ గోడే ప్రాణం. నాపరాళ్ల క్వారీలో ఓ మూలన, బండలకూ నల్లరేగడికీ నడుమ, వేల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చి పోసిన ఎర్రమన్ను అది. వానలు మెండుగా కురిసిన కాలంలో ఆ మన్ను మాగి, అయస్కాంత గుణమున్న సన్నని రేణువులు అందులో పుడతాయి. అయస్కాంత గుణాన్ని కొలిచే పరికరం ఆ పొరకు ఆనిస్తే అంకె పెరుగుతుంది. కరువు కాలపు పొరలో పడిపోతుంది. అలా పై సగం చదివాడు. కింది సగం మిగిలింది.

చుట్టూ బండలన్నీ కోసుకుపోయినా ఆ మూల జోలికి యంత్రం రాలేదు. తన విద్వత్తును గౌరవించి క్వారీ యజమాని సేటు వదిలేశాడని అతని నమ్మకం.

ఈ పరిశోధన అచ్చయితే దశరథ్ నోరు మూతపడుతుంది. దశరథ్ ఒకప్పటి సహాధ్యాయి, ఇప్పుడు హైదరాబాదులో ప్రొఫెసర్. అతని పేరు పత్రికలో కనబడిన నాడు ప్రేమ్‌సాగర్‌కు అన్నం సయించదు.

ఆ స్త్రీ నడుమున దోపుకున్న తాళంచెవుల గుత్తి తీసి దూరంగా బండమీద పెట్టింది. మళ్లీ తెడ్డు అందుకుంది.

ప్రేమ్‌సాగర్ తర్కించాడు. ఇనుము సోకితే మన్ను అసలు గుణం తెలియకుండా పోతుందని లోకంలో ఎందరికి తెలుసు? ఈమె ఈ చదువు చదివినదే. ఈ చదువు గలవాళ్లను ఇక్కడికి పంపేవాడు ఒక్కడే.

"ఎవరమ్మా మీరు?"

"రెబెక్క అంటరు సారూ. పొద్దుగాల రైలుకు వికారాబాద్ నుంచి వచ్చిన."

"ఇనుప పార ఎందుకు వాడట్లేదు?"

"ఇనుము తగిల్తే మన్ను ఖరాబైతది గద?" ఆమె నవ్వింది. "మీకు తెల్వనిదా?"

ఆ నవ్వు పుండు మీద కారమైంది.

"నేనిక్కడ పని చేస్తున్నట్టు ఎట్ల తెలిసింది?"

"ఐతారం ఐతారం గట్టు మీద కూసొని జూస్తుంటి. మస్తు ఓపిక సారూ మీకు."

"దొంగచాటుగనా!"

ఆమె తెల్లబోయింది. "దొంగచాటెందుకు సారూ? కోత మిషన్ల నీళ్లు చింది గోడంత తెల్లగ అట్టగట్టింది. జర తీస్తున్న."

"నాకు నేర్పకండి. పోయి దశరథ్‌తో చెప్పండి, ఈ గోడ నాదని."

"గా దశరథెవ్వరో నాకెరుక లేదు." ఆమె తెడ్డు దించింది. "గీ గోడ మీదేనా సారూ?"

"నాదే! ఇంకోసారి దీని దగ్గర కనబడితే మర్యాదగ ఉండదు."

రెబెక్క గోడకేసి చాలాసేపు చూసింది. తెడ్డుకు అంటిన మన్ను వేలితో తుడిచింది.

"గట్లనే సారూ. ఇగ రాను."

ఆమె మెల్లగా గట్టెక్కి పోయింది. ప్రేమ్‌సాగర్‌కు దశరథ్‌నే మెడపట్టి గెంటినంత హాయిగా ఉంది. ఆ పూట అన్నం రెండోమారు పెట్టించుకున్నాడు.

మర్నాడు కళాశాల విడిచాక పరికరం భుజాన వేసుకొని వచ్చాడు.

గోడ లేదు. జేసీబీ ఉంది. ఎర్రమన్ను ట్రాక్టర్లకెక్కి పోతోంది.

"ఆపండి! ఎవరు తవ్వమన్నరు?"

క్వారీ లెక్కలు చూసే మునీం బీరప్ప పరుగున వచ్చాడు. "సేటు చెప్పిండు సార్."

"ఇన్నాళ్లు నాకోసం ఆపిన మనిషి, ఒక్క పొద్దుల ఎట్ల మారిండు?"

"సేటా? మీకోసమా?" బీరప్పకు నవ్వాగలేదు. "వాళ్లయ్య అడ్డం పండుకున్నా మిషన్ ఆపడు సార్ గాయన!"

"మరి ఎవరు ఆపినట్టు?"

బీరప్ప నవ్వు మానేశాడు.

"గా మూల జాగ రెబెక్కమ్మ పేర పట్టా సార్. మీరు నాకు జెప్పిన ముచ్చటంత నేనే ఆమెకు జెప్పిన. 'సారు గీ మన్నుల పాత కరువులు సదువుతుండు, ఆయన పని ఒడిసేదాంక ముట్టనియ్య' అని యాడాది సంది సేటును తిప్పలు వెట్టింది. నిన్న మీరే గోడ కాడికి రావద్దన్నరంట గద, గట్టెక్కంగనే సేటుకు తవ్వుకొమ్మని కాయితం మీద సంతకం వెట్టి రైలుకు పోయింది."