ఇంట్లో ఎంతమంది

చీరాల నేతగాళ్ళ వీధిలో కరెంటు పోయింది. అప్పటిదాకా హోరెత్తిన మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో సీతారావమ్మ ఫోను మోగింది.

"నమస్కారం. ఇది ప్రభుత్వ కుటుంబ సర్వే," అంది రికార్డు చేసిన ఆడగొంతు.

సచివాలయం అమ్మాయి ఝాన్సీ పొద్దున్నే చెప్పి వెళ్ళింది. "ఫోనొస్తే మధ్యలో పెట్టేయకండి పిన్నిగారూ. బియ్యం కార్డు తీసేస్తారండి."

"ప్రస్తుతం మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారు? ఆ అంకె నొక్కండి."

సీతారావమ్మ ఒకటి నొక్కింది.

"మీరు నొక్కిన అంకె సరైనది కాదు. మళ్ళీ నొక్కండి."

"ఒక్కదాన్నేనమ్మా! ఆయన పోయి ఏడాదైంది," అని ఆ గొంతుకే చెప్పుకుని, మళ్ళీ ఒకటే నొక్కింది.

"సరైనది కాదు. ఇదే చివరి అవకాశం."

ఈసారి ఆ గొంతు, పక్కన ఎవరో వింటున్నట్టు, బాగా తగ్గి పలికింది.

కార్డు పోతుందన్న భయం పట్టుకుంది ఆమెకి. భర్త పోయిన రోజు నుంచి దుప్పటి కప్పే ఉన్న మగ్గం వైపు చూడకుండా రెండు నొక్కింది.

"ధన్యవాదాలు. మీ సమాధానం సరైనది."

సీతారావమ్మ ఊపిరి పీల్చుకుంది.

"దయచేసి ఫోను రెండోవారికి ఇవ్వండి."