తవ్వని మడి

"పార ఇదిగోండి. మడి మొత్తం తిరగేసేయండి," అంది భార్య, పారను పెరటి గోడకు ఆనిస్తూ.

డ్రైవరుగారి గుండెల్లో రాయి పడింది. బస్సు నడిపిన రోజుల్లో టైర్లు ఒంటిచేత్తో మార్చేవాడినని ఆయన ఇంట్లో కోసిన కోతలకు లెక్కలేదు. మొన్న డాక్టరేమో, "నడుము వంచి బరువు పని చేశారంటే ఇక మంచమే" అని తేల్చేశాడు. ఆ మాట ఆయన ఇంట్లో పొక్కనివ్వలేదు, డాక్టరు రాసిచ్చిన చీటీని చొక్కా జేబులోనే ఉంచేశాడు. భార్య అడిగితే, "ఉక్కులా ఉందన్నాడు" అని మీసం మెలేశాడు. ఇప్పుడు తవ్వితే నడుము పోతుంది, తవ్వనంటే పరువు పోతుంది.

పార పట్టుకుని, కాళ్లీడ్చుకుంటూ టమాటా నారు వేయాల్సిన మడి దగ్గరికి వెళ్లాడు. మట్టిలో తెల్లగా, బొద్దుగా నాలుగు పుట్టగొడుగులు కనిపించాయి. ఆయనకు ప్రాణం లేచివచ్చింది.

"ఇంకేం తవ్వుతాం? ఇటు రా, చూడు."

భార్య వచ్చి ముక్కు చిట్లించింది. "మట్టికి బూజు పట్టింది. అంతా తవ్వి పారేయండి."

"బూజంటే అంత చులకనా? దాని దారాలు మట్టంతా అల్లుకుని ఉంటాయి. వేళ్లకు అందని నీళ్లు, సత్తువ తెచ్చి మొక్కకు పెడతాయి. బదులుగా మొక్క వాటికి ఇంత తీపి పెడుతుంది. పార వేశామంటే ఆ దారాలన్నీ తెగిపోతాయి."

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"నిన్న మనం అన్నాలు తిన్నాక నీ ఫోన్లో చెబుతోందిగా, ఆ తోటలావిడ. ఇల్లెగిరిపోయేట్టు పెట్టింది నువ్వే."

"నేనెక్కడ విన్నాను, కునుకు పట్టేస్తేనూ. అయినా తవ్వని మడిలో కాయలు కాస్తాయా?"

"కాయకపోతే నన్నడుగు."

"పక్కింటివాళ్లు మనకి బద్ధకం అనుకుంటారు."

"వాళ్లకీ నేనే చెబుతాలే. పైన ఎండుటాకులు కప్పితే చాలు. అవి చివికితే బూజుకి విందు, మట్టీ గుల్లబారుతుంది."

"పోనీ, మీరు పక్కకి జరగండి. నేను తవ్వుతాను."

డ్రైవరుగారు పారను వెనక్కి దాచుకున్నాడు. "ఒక్క గడ్డ కూడా పెళ్లగించడానికి వీల్లేదు. ఇంతమంది పనివాళ్లు ఊరికే చాకిరీ చేస్తుంటే మధ్యలో మనమెందుకు?"

"మీతో వాదించి ఎవరు గెలిచారు గనక," అని ఆమె మూతి ముడుచుకుంది. గొణుక్కుంటూనే గంపతో ఎండుటాకులు తెచ్చి మడంతా కప్పి, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోయింది.

డ్రైవరుగారు నెమ్మదిగా కుర్చీలో కూలబడి, నడుము కింద దిండు సర్దుకున్నాడు. నడుమూ దక్కింది, పరువూ దక్కింది. ఇన్నేళ్లు కాపురం చేసినా ఇది ఇంత తేలిగ్గా బుట్టలో పడుతుందని ఆయన అనుకోలేదు. పాపం, పిచ్చిదని కాస్త జాలి కూడా పడ్డాడు.

వంటింట్లో ఆమె, పొద్దున్నే తన చేత్తో మడిలో గుచ్చగా మిగిలిన పుట్టగొడుగుల్ని కూరకు తరుగుతోంది.