అవసరం లేని పోస్టు

ఈ ఏడాది ఏమేం సాధించారో రాయమన్న గడిలో జకర్యా ఏమీ రాయలేదు.

ఫారం కింద సంతకం మాత్రం పెట్టి ఇచ్చాడు.

నవతకు ఒళ్లు మండింది. మౌలాలిలోని ఆ మందుల ప్యాకింగ్ కంపెనీలో ఆమె హెచ్చార్ మేనేజరు. మూడు వందల మంది పనివాళ్లు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లే. రాబోయే మూడేళ్లకు ఏ పోస్టు ఉండాలో, ఏది అక్కర్లేదో తేల్చి నెలాఖరుకల్లా పంపమని హెడ్డాఫీసు నుంచి మెయిల్ వచ్చింది. ఒక పోస్టు ఉండాలంటే దానివల్ల కంపెనీకి ఒరిగేదేమిటో అంకెల్లో చూపించాలి.

జకర్యా టైమాఫీసు క్లర్కు. ఇరవై రెండేళ్లుగా గేటు పక్క గదిలో కూర్చుని హాజరు రాస్తున్నాడు. ఇప్పుడు ముఖం చూసి హాజరు వేసుకునే మిషను వచ్చింది. పైగా నవత ఆ గదికి రెండుసార్లు వెళితే రెండుసార్లూ అతను సీట్లో లేడు.

అతని పేరుకు ఎదురుగా ‘అవసరం లేదు’ అని టైపు చేయడానికి ఆమెకు అర నిమిషం కూడా పట్టలేదు.

పిలిచి చెప్పింది. అద్దం ముందు అనుకుని వచ్చిన మాటలే కాబట్టి తడబడలేదు. అతను అడ్డు చెప్పలేదు, నేనే ఎందుకని అడగలేదు.

“మీకేమైనా చెప్పాలనుందా జకర్యాగారూ?” అంది ఫోను చూసుకుంటూ.

“ఒక్కటే మేడం. ప్యాకింగ్ ఆడవాళ్లు మానేస్తామని కాగితం ఇస్తే వెంటనే తీసుకోకండి.”

చాదస్తం అనుకుంది. నవ్వి తల ఊపింది.

జకర్యా వెళ్లాక మొదటి నెలలో ఆరుగురు మానేశారు. రెండో నెలలో పదకొండు మంది. రాజీనామాలు ఆన్‌లైన్లో పెట్టే ఏర్పాటు కొత్తగా నవతే చేసింది. వచ్చినవాటిని ఆ రోజే ఆమోదించేసేది. తన దగ్గర ఏదీ పెండింగ్ ఉండదని ఆమెకు గొప్ప. మూడో నెలలో మనుషులు చాలక ఒక లైను ఆపేశారు.

మనుషులు మానేయకుండా నిలబడే యూనిట్ ఇదేనని కిందటేడు హెడ్డాఫీసు నవతను వేదిక ఎక్కించి శాలువా కప్పింది. ఇప్పుడు అదే హెడ్డాఫీసు కారణం రాసి పంపమంది.

ప్యాకింగ్ సూపర్‌వైజర్ కాంతమణిని పిలిచింది. మునుపు లేనిది ఇప్పుడెందుకు ఇలా పోతున్నారని అడిగింది.

కాంతమణి చెప్పింది.

“ముందు గూడ కాయితాలు ఇచ్చేటోళ్లు మేడం. జకర్యా సారు తీస్కొని డ్రాయర్ల పెట్టేటోడు. ఒక్క వారం ఆగుండ్రి అనేటోడు. గా వారంల ఇంటికాడికి పోయి తక్లీఫ్ ఏందో అర్సుకునేటోడు.”

అత్తకు ఆపరేషనైన పిల్లకు షిఫ్టు మార్పించాడట. పనికి పంపనన్న ఒకామె భర్త దగ్గరికి మూడు ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వెళ్లి టీ తాగి వచ్చాడట. పదిమందిలో తొమ్మిదిమంది మనసు మార్చుకునేవాళ్లట.

“నాకెందుకు చెప్పలేదు?”

“మీకు ఎర్కే అనుకున్నం మేడం. మీరే సారును పంపుతున్రనుకున్నం.”

ఆ రాత్రి నవతకు అన్నం సయించలేదు.

ఆదివారం పాత ఫైల్లోని చిరునామా పట్టుకుని బోయిగూడ వెళ్లింది. ఆయన కోసం ఒక పోస్టు పుట్టించైనా సరే వెనక్కి తీసుకురావాలని, ముందు తప్పు ఒప్పుకోవాలని దారి పొడుగునా అనుకుంది. ఇంట్లో తాళ్లు కట్టిన మూటలు, రెండు ట్రంకు పెట్టెలు. ఆయన భార్య ఆలిస్ ఒక్కతే ఉంది.

“ఆయన లేరమ్మా. ఒంగోలు దగ్గర మిషన్ హాస్టల్లో వార్డెనుగా చేరారు. నేనూ రేపు బండెక్కుతున్నా.”

ఎలాగైనా వెనక్కి రమ్మనమని నవత బతిమాలింది.

“మాట ఇచ్చేశారమ్మా,” అని ఆలిస్ మంచినీళ్లిచ్చింది. “మీరంటే ఆయనకు కోపమేం లేదు.”

కోపం ఉంటేనే బాగుండుననిపించింది నవతకు.

లేచేటప్పుడు ఆలిస్ ఒక పాత కవరు తెచ్చింది. రాజీనామా ఇచ్చి, మనసు మార్చుకున్నవాళ్లు మళ్లీ అడగని కాగితాలట. చింపెయ్యమని ఆయన చెప్పి వెళ్లినా ఆమెకు చేతులు రాలేదట. కంపెనీవి కదా, మీరే తీసుకెళ్లండి అంది.

సికింద్రాబాద్ స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలు కోసం కూర్చుని నవత ఆ కవరు విప్పింది. ప్రతి కాగితం వెనక పెన్సిలుతో రెండు ముక్కలున్నాయి.

‘చంటిదానికి జ్వరం. వారం సెలవు చాలు.’

‘నిలబడితే నడుం నొప్పంట. స్టూలు వేయించాను.’

నాలుగోది టైపు చేసిన కాగితం. కింద సంతకం నవతది.

ఉద్యోగంలో చేరిన పంతొమ్మిదో రోజున ప్లాంటు మేనేజరు మీటింగులో అందరి ముందూ ఆమె మీద నోరు పారేసుకున్నాడు. సాయంత్రం ఆయన గదిలో లేకపోతే రాజీనామా గేటు దగ్గర ఎవరి చేతిలోనో పెట్టి, ఆ మనిషి ముఖమైనా చూడకుండా ఏడుస్తూ వెళ్లిపోయింది. మర్నాడు తన సామాను తీసుకెళదామని వస్తే మేనేజరే ఎదురొచ్చి తప్పయిందన్నాడు. తన కాగితం చూసి బెదిరాడనే ఇన్నాళ్లూ నమ్మింది.

కాగితం వెనక్కి తిప్పింది.

‘మేనేజరుగారిని ఒప్పించాను, పొద్దున్నే వచ్చి తప్పయిందంటారు, ఈ అమ్మాయి మనుషుల్ని బాగా చూసుకునేలా ఉంది, పోనివ్వకూడదు.’