ఆరో వాటాదారు

సోమవారం ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకు బోరబండ రైల్వే స్టేషన్ పక్క సందులో కంపెనీ కారు ఆగింది. పార్థసారథే నడుపుకుంటూ వచ్చాడు. డ్రైవరును రమ్మనలేదు.

విచారణకు తీసుకెళ్లాల్సిన సాక్షి వెనక సీట్లో ఎక్కాడు. కమలమ్మ ముందు తలుపు తీయబోయింది.

"అక్కడ కాదమ్మా. వెనక, ఆయన పక్కన కూర్చోండి."

ఆమె ఎక్కి, మధ్యలో సంచి పెట్టుకుంది.

"ఆ సంచి కింద పెట్టండి. కమిషనర్ గారి ముందు కూడా ఇలాగే కూర్చుంటారా?"

సంచి కిందికి దిగింది. కారు కదిలింది.

ఒక బీమా కంపెనీలో ఐదు శాతం దాటి వాటా ఒక మనిషి చేతికి వెళ్లాలంటే నియంత్రణ సంస్థ అనుమతి ఉండాలి. వ్యాపారి రవికిరణ్ అనుమతి అడగలేదు. పార్థసారథి పనిచేసే బీమా కంపెనీలో ముప్పై తొమ్మిది శాతం కొన్నాడు, ఎనిమిది పేర్ల మీద. ఏ పేరు మీదా ఐదు శాతం లేదు. ఈ ఎనిమిది మందికీ, రవికిరణ్‌కూ సంబంధం లేదని కంపెనీ కార్యదర్శి హోదాలో పార్థసారథి ధ్రువపత్రం ఇచ్చాడు. నియంత్రణ సంస్థ హైకోర్టుకు వెళ్లింది. కోర్టు ఎనిమిది మందినీ విచారించమని ఒక న్యాయవాదిని కమిషనర్‌గా వేసింది. ఒక్క పేరు అబద్ధమని తేలినా ముందు జైలుకు వెళ్లేది ధ్రువపత్రం మీద సంతకం పెట్టినవాడే.

ఐదుగురి విచారణ అయిపోయింది. రవికిరణ్ డ్రైవరు, తోటమాలి, మిగతావాళ్లు. అందరూ షేర్లు తమవే అన్నారు. జాబితాలో ఆరో పేరు మునిస్వామి, రవికిరణ్ ఇంటి వంటమనిషి.

మాదాపూర్ దగ్గర ట్రాఫిక్ ఆగింది.

"వంటపని ఎన్నేళ్లు?" అన్నాడు పార్థసారథి, అద్దంలోకి చూస్తూ.

"పన్నెండేండ్లు సార్."

"పద్నాలుగు," అంది కమలమ్మ.

"పద్నాలుగు. షేర్లెవరివి?"

"గవి నావే సార్."

"గవి కాదు. అవి."

"అవి నావే సార్."

"కొనడానికి డబ్బు?"

"ప్రగతి నగర్ల జాగ అమ్మిన."

"ప్రగతి నగర్‌లో స్థలం అమ్మాను. ఏదీ, మళ్లీ చెప్పు."

చెప్పాడు. మూడోసారికి సరిగ్గా వచ్చింది.

"మా బడి పంతులు గిట్ల చదివిపిస్తే పదో తరగతి ఎప్పుడో పాసయ్యేటోన్ని సార్," అన్నాడు సాక్షి.

పార్థసారథి నవ్వలేదు. "అక్కడ జోకులొద్దు. అడిగినదానికే జవాబు. తక్కువ మాట్లాడితే నీకూ మంచిది, నాకూ మంచిది."

కమలమ్మ బొట్టు తడుముకుంది. బండి ఎక్కినప్పటి నుంచి తడుముకుంటూనే ఉంది.

"సార్, మీకొక మాట చెప్పల్ల."

"దివ్య ఉద్యోగం గురించేగా అమ్మా. ఆర్డరు నా టేబుల్ మీదే ఉంది. ఈ పని కానివ్వండి, రేపే చేరుతుంది మీ అమ్మాయి."

"అది కాదు సార్. మీ కంపెనీలోనే..."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగాయి.

"తర్వాతమ్మా, తర్వాత."

ఆమె ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

నానక్‌రామ్‌గూడలో అద్దెకు తీసుకున్న గదిలో పదకొండు గంటల ఇరవై నిమిషాలకు విచారణ మొదలైంది. కమిషనర్ పద్మావతి ఆధార్ కార్డు అందుకుంది. కార్డు చూసింది, మనిషిని చూసింది, మళ్లీ కార్డు చూసింది.

"ఎప్పటి ఫొటో ఇది?"

"పదేళ్లయింది మేడం," అన్నాడు సాక్షి.

పక్కన టైపు చేస్తున్న గిరీష్ తల ఎత్తాడు. "ఆధార్ ఫొటోలో నేనూ దొంగలాగే ఉంటాను మేడం. మా ఆవిడే గుర్తుపట్టలేదు."

పద్మావతి కార్డు తిరిగి ఇచ్చేసింది. పార్థసారథి మంచినీళ్లు తాగాడు.

"షేర్లెవరివి?"

"నావే మేడం."

"డబ్బెక్కడిది?"

"ప్రగతి నగర్‌లో స్థలం అమ్మాను."

"రవికిరణ్ గారు కొనమన్నారా?"

"లేదు మేడం. నేనే కొన్నాను."

"ఈవిడ ఎవరు?"

"నా భార్య."

"అవునా అమ్మా?"

"అవునండీ," అంది కమలమ్మ.

"అయితే గుర్తింపు కింద మీరు సంతకం చేయండి. ఇక్కడ."

కమలమ్మ పెన్ను తీసుకుంది. కాగితం మీద ఆనించి ఆగింది. పార్థసారథి దగ్గాడు. ఆమె సంతకం చేసింది.

"ఇక మేం వెళ్లొచ్చా అండి?" అన్నాడు పార్థసారథి.

"ఒక్క నిమిషం. ఎనిమిది పేర్ల మీద మీ కంపెనీలో ఉన్న కాగితాలన్నీ కోర్టు అడిగింది కదా."

"పంపామండి. వాటాల రికార్డు మొత్తం నేనే దగ్గరుండి పంపాను."

"అది చూశాను. కోర్టు అడిగింది ఒక్క మీ విభాగాన్నే కాదు, అన్నిటినీ. మీ ఆఫీసు నాలుగో అంతస్తు వాళ్లది ఇవాళ పొద్దున వచ్చింది."

"నాలుగో అంతస్తా అండి? వాళ్లకు వాటాలతో పనేముంది?"

"వాటాలవి కావని కవరు మీదే రాశారు."

పద్మావతి కవరు చింపింది. లోపల ఒకే కాగితం ఉంది. చదివింది. గడియారం చూసి, ఫైలులో టైము వేసింది: పదకొండు గంటల యాభై రెండు నిమిషాలు. సాక్షి లేవబోతే కూర్చోమంది. తలుపు దగ్గర నిలబడమని గిరీష్‌కు చెప్పింది. కాగితం పార్థసారథి వైపు తిప్పి పెట్టింది.

క్లెయిముల విభాగం పంపిన ఆ కాగితంలో ఇలా ఉంది: పాలసీదారు మునిస్వామి మార్చి పద్నాలుగున గుండెపోటుతో చనిపోయాడు, బీమా సొమ్ము ఏప్రిల్ రెండున భార్య కమలమ్మకు ముట్టింది.