మూడు చుక్కల అభ్యంతరం

“అభ్యంతరం ఉందండీ అయ్యగారూ!”

పాస్టర్ మత్తయి ఉలిక్కిపడ్డాడు. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదివి, అభ్యంతరాలుంటే చెప్పమని అడగడం ఆనవాయితీ. ఈ బందరు చర్చిలో ఇంతవరకూ ఎవరూ నోరు విప్పింది లేదు. ఇవాళ విల్సన్ పెళ్లికి మూడో ప్రకటన. లేచి నిలబడింది ఎస్తేరు. ఇద్దరూ గుడివాడ కాలేజీలో లెక్కల లెక్చరర్లే.

పాట ఎత్తుకోమని క్వయర్‌కు సైగ చేసి, ఇద్దర్నీ పక్కగదిలోకి తీసుకెళ్లాడు.

“ఏం తల్లీ, ఇతనికి ఇంతకుముందే పెళ్లయిందా?”

“లేదండీ. లెక్కల్లో అనంతమనేదే లేదని క్లాసులో చెప్పారట. నిన్ననే తెలిసింది.”

“దీనికా అంత కేక పెట్టావు!”

“అనంతాన్నే నమ్మని మనిషి నిత్యజీవాన్నేం నమ్ముతాడండీ? రేపు బలిపీఠం ముందు ఏం మాటిస్తాడు? ఉందని ఒప్పుకునేదాకా ఈ పెళ్లి జరిపించకండి.”

“ప్రమాణంలో ఉన్నది ‘మరణం వేరుచేసేవరకు’ అనేగా మేడమ్! దానికి అనంతం అక్కర్లేదు,” అన్నాడు విల్సన్.

మత్తయి నుదురు కొట్టుకున్నాడు.

“బుధవారమే పెళ్లండీ, మీరైనా నచ్చజెప్పండి,” విల్సన్ ఆయన వైపు తిరిగాడు. “లెక్క ఆగదు, ఒప్పుకుంటాను. ఏ అంకె చెప్పినా దాని తర్వాత ఇంకోటుంటుంది. ఆగని లెక్కని పూర్తయినట్టు మూటగట్టి, ఇదిగో అనంతం అంటేనే ఒప్పుకోను.”

“మరి బోర్డు మీద ఒకటి, రెండు, మూడు అని రాసి బ్రాకెట్ మూసేస్తారే, అదేంటి?”

“మూసేముందు మూడు చుక్కలు పెడతానుగా.”

“ఆ చుక్కల్లో ఉన్నదేంటి మరి? అటుకులా?”

బయట క్వయర్ అదే పాట మూడోసారి ఎత్తుకుంది. మత్తయికి ఒళ్లు మండిపోయింది. ఇద్దరిదీ పట్టిన కుందేటికి మూడే కాళ్ల వరస. వీళ్ల దగ్గర చదువుకునే పిల్లల మీద ఆయనకు జాలేసింది.

“ఇక ఆపండి! ముందే పెళ్లయిందా, వయసు చాలదా, వావి తప్పిందా, ఇవీ అభ్యంతరాలంటే. చుక్కలు వాటిలో లేవు. బుధవారం ఈ పెళ్లి జరిగి తీరుతుంది.”

“నా అభ్యంతరం మాత్రం అలాగే ఉందండీ,” అంది ఎస్తేరు.

“ఉండనీ.”

“అయినా పెళ్లికి వస్తాను లెండి.”

“రాకపోతే ఎలాగమ్మా, పెళ్లికూతురివి నువ్వే!”