అరవై కుర్చీలు

"ఇక్కడో సంతకం పడేయండి, టీచరమ్మా. అందినట్టు" అని కాగితం ముందుకు జరిపాను.

కొత్త బడికి ఇంకా సున్నం వాసన పోలేదు. లారీలోంచి దించిన అరవై చిన్న కుర్చీలు గదినిండా ఉన్నాయి. ఆ ఊళ్ళో ఊచకోత జరిగిన ఏడాదికి, దేశదేశాలూ కలిసి పంపిన సాయం అది. చేర్చే ఉద్యోగం నాది.

ఆవిడ కలం ముట్టుకోలేదు. "అరవై ఎవరడిగారు సార్?"

ఉన్న పిల్లలు నలుగురూ గుమ్మం దగ్గరే నిలబడి కుర్చీల వంక చూస్తున్నారు.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఎంత చేసినా వీళ్ళకి వంకలే. "మీరే రాశారు కదండీ! మీ ఉత్తరం మా ఫైల్లో భద్రంగా ఉంది" అంటూ తీసి చూపించాను. "ఇదిగో, మీ చేతిరాతే. 'మా బడిలో పిల్లలు అరవై మంది'."

"ఆ కింద కూడా చదవండి సార్."

నేను అంతవరకే చదివి లెక్క రాసుకున్నాను. ఇప్పుడు మిగతాది చదివాను.

'మా వాళ్ళ తలుపుల మీద గుర్తులు పెడుతున్నారు. పిల్లలనైనా తీసుకుపోండి. లారీ ఒక్కటి పంపినా చాలు.'

పైన 'అందినది' అని ముద్ర. తేదీ ఊచకోతకు మూడు వారాల ముందుది. ముద్ర పక్కన సంతకం నాదే.

"లారీ వచ్చిందిగా సార్" అంటూ ఆవిడ కలం అందుకుంది. "అందినట్టు ఎక్కడ పెట్టమన్నారు?"